భీమిలి రోడ్డెక్కే ముందు: ఇసుక మీద ముందు బ్రేకు ముట్టుకోవద్దు

అక్టోబరంటే అల్పపీడనాలు, ఈదురుగాలి, పండగ సెలవులు అన్నీ ఒకేసారి. బీచ్ రోడ్డులో బైకు జారి కుర్రాళ్లు ఆస్పత్రి పాలయ్యారన్న వార్తలూ మళ్లీ మొదలయ్యాయి. తాగి నడపొద్దనే మాట ఇక్కడ చెప్పబోవడం లేదు, అది తెలియనివాళ్లు ఎవరున్నారు! విశాఖ నుంచి భీమిలి దాకా ఉన్న పాతిక కిలోమీటర్ల పైచిలుకు దారిలో మనుషుల్ని పడేసే తప్పు ఒకటుంది. మలుపులో ఇసుక కనబడగానే ముందు చక్రం బ్రేకు పట్టేయడం.

ఇసుక ఎక్కడుంటుంది?

వెళ్లేటప్పుడు సముద్రం కుడిపక్క, మనం కొండవైపు. ఇసుక పెద్దగా తగలదు, ధైర్యం వస్తుంది. తిరిగొచ్చేటప్పుడు మనం సముద్రం పక్క, పైగా చీకటి పడుతుంటుంది. గాలికి కొట్టుకొచ్చిన సన్న ఇసుక రోడ్డు అంచున బొంబాయి రవ్వలా పరుచుకుని, హెడ్‌లైటు వెలుగులో తారుతో కలిసిపోతుంది. తీరానికి దిగే దారుల దగ్గర, మంగమారిపేట లాంటి మత్స్యకార గ్రామాల దగ్గర ఇంకా చూసుకోవాలి. ఎర్రమట్టి దిబ్బల వైపు వాన పడితే ఎర్ర బురద. అది ఇసుక కన్నా జారుడు.

బ్రేకు సంగతి

పొడి తారు మీద నేరుగా వెళ్తున్నప్పుడు ముందు బ్రేకే అసలు బ్రేకు. ఆ అలవాటే ఇక్కడ ముంచుతుంది. బండి వాలినప్పుడు ముందు టైరు నేలకి ఆనేది అరచేయంత మేర. దాని కింద ఇసుక గోళీల్లా దొర్లుతుంది. లివరు నొక్కగానే చక్రం బిగుసుకుంటుంది, హ్యాండిల్ మడతపడుతుంది, భుజం నేలకి తగులుతుంది. ఏబీఎస్ (బ్రేకు గట్టిగా పట్టినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉందిగా అనకండి. మామూలు ఏబీఎస్ బండి నిటారుగా ఉన్నప్పుడు ఆదుకున్నట్టు వాలినప్పుడు ఆదుకోదు. 2019 తర్వాత వచ్చిన 125 సీసీ, ఆ లోపు బండ్లలో ఎక్కువవాటికి సీబీఎస్ ఉంటుంది. వాటిలో వెనక బ్రేకు నొక్కినా ముందు బ్రేకు కొంత పడుతుంది. స్కూటరు ఎడమ లివరుతో భయం లేదనుకోవద్దు.

మలుపుకి ముందే, బండి నిటారుగా ఉండగానే, వేగం 30కి దించండి. ఇసుకలోకి వచ్చేశాక బ్రేకు లేదు, క్లచ్ లేదు. యాక్సిలరేటరు ఉన్నచోటే ఉంచండి. చేతులు వదులుగా, చూపు ఇసుక దాటాక కనబడే తారు మీద. ఆపక తప్పదంటే బండిని నిటారుగా చేసి, ఆ తర్వాత వెనక బ్రేకు మెల్లిగా. ముందు బ్రేకు వద్దు.

మిగతావి:

- టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూసుకోండి, బండి మీది స్టిక్కరు చెప్పినంతే. ఇసుక ఉందని గాలి తీసేయకండి, మనం నడిపేది తారు మీద.
- గుండు టైరుతో రావద్దు.
- చైనుకి ఆయిల్ కొట్టాక వెనక టైరు తుడవండి.
- సైడ్ స్టాండు ఇసుకలో దిగబడుతుంది. కింద చదును రాయి పెట్టండి.
- వైజరు మీద ఉప్పు పొర పడితే ఎదుటి లైట్లు చెదిరిపోతాయి. మంచినీళ్లతో తుడవండి, పొడిగుడ్డ గీతలు పెడుతుంది.
- రోడ్డు మీద వలలు ఆరేసి ఉంటే దిగి, పక్కనుంచి నడిపించుకెళ్లండి. ఎక్కించొద్దు.
- వెనక కూర్చున్నవాళ్లకీ హెల్మెట్. చున్నీ ముడేయాలి. మలుపులో కదలొద్దు.
- ఇంటికి రాగానే బండిని మంచినీళ్లతో కడగండి. తడి బ్రేకు మొదట సరిగా పట్టదు, వీధిలోనే మెల్లిగా నడిపి నొక్కి చూసుకోండి.
- ముందు బ్రేకు వద్దు. వెనకాల వచ్చే స్నేహితుడికీ చెప్పండి.
- కాకినాడ–ఉప్పాడ బీచ్ రోడ్డుకైతే, ఓడరేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశాక వెళ్లనే వద్దు. కెరటం రోడ్డు మీద విరుచుకుపడుతుంది, గట్టుకి పేర్చిన రాళ్లనే తెచ్చి రోడ్డు మీద పడేస్తుంది. బారికేడు పక్క సందులోంచి దూరొద్దు. తుపాను వెళ్లిపోయి దారి తెరిచాక కూడా ఇసుక రోడ్డు మీదే ఉంటుంది. అక్కడా అంతే, ముందు బ్రేకు ముట్టుకోవద్దు.