పటిక ఎక్కువేసి చేతులు కాల్చుకున్నాను

గోదారికి ఎర్రనీళ్లు వచ్చినప్పుడు మా డ్రమ్ములో నీళ్లు టీ రంగులో ఉండేవి. రాత్రంతా కదపకుండా ఉంచినా తేరలేదు. నాలుగు మడతల గుడ్డలో వడకట్టినా అదే రంగు. ఎక్కువ పటిక వేస్తే త్వరగా తేరుతుందనుకుని 200 లీటర్లకి గుప్పెడు వేశాను. నీళ్లు వగరెక్కాయి గానీ మబ్బు పోలేదు.

సన్నని బంకమట్టి రేణువుల మీద రుణ (నెగటివ్) విద్యుదావేశం ఉంటుంది. అందుకే ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతుంటాయి. పటికలోని అల్యూమినియం ధన (పాజిటివ్) ఆవేశం దాన్ని చల్లారిస్తే రేణువులు ముద్దకట్టి కిందికి దిగుతాయి. మోతాదు మించితే ఆవేశం తిరగబడి మళ్లీ నెట్టుకోవడం మొదలు! నా గుప్పెడు చేసింది అదే అయ్యుండాలి.

ఈసారి 10 గ్రాముల పటిక లీటరు నీళ్లలో కరిగించా. లీటరు బురదనీళ్ల సీసాలు మూడు పెట్టి, దగ్గుమందు మూతతో 2.5, 5, 10 మిల్లీలీటర్లు పోశా. నిమిషం గట్టిగా, తర్వాత మెల్లగా తిప్పా. 5 పోసిన సీసాలో విరిగిన పాలలా తునకలు కట్టి, అరగంటలో అడుగున పేరుకున్నాయి. అంటే లీటరుకి 0.05 గ్రాముల పటిక, 200 లీటర్ల డ్రమ్ముకి 10 గ్రాములు చాలు.

సరదాకి ఇంకో సీసాలో ఉప్పు వేశా. చెంచాల కొద్దీ పట్టింది. ఉప్పులోని సోడియంది ఒక్క ధనావేశం, అల్యూమినియంది మూడు మరి. అంతర్వేది దగ్గర గోదారి మట్టిని సముద్రపు ఉప్పు దింపేది కూడా ఇలాగే.

తేరిన నీళ్లు మరిగించాకే తాగుతున్నాం. పటిక మురికిని దింపుతుంది, క్రిములన్నిటినీ చంపదు.