మోకాలి ఆపరేషన్‌కి ముందు కుర్చీ సంగతి

అమ్మకి పోయిన ఏడాది కుడి మోకాలి కీలు మార్చారు, వచ్చే నెల ఎడమది. మొదటిసారి మందులు, వాకర్ అన్నీ చూసుకున్నాం కానీ మా సోఫాలో కూర్చుంటే మళ్లీ లేవలేకపోయేది, ఇద్దరం చంకల్లో చేతులు పెట్టి లేపాల్సి వచ్చేది. ఎత్తు కుర్చీ కొందామంటే ధర చూసి ఆగిపోయాం.

చివరికి పనికొచ్చింది ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ కుర్చీలే. చేతులున్నవి, ఒకే మోడల్‌వి మూడు తీసుకుని ఒకదాంట్లో ఒకటి దించాలి. మోకాలి వెనక మడత నుంచి నేల దాకా టేపుతో కొలిస్తే అమ్మకి 16 అంగుళాలు, కూర్చునే చోటు 18 వచ్చేలా చూసుకున్నాం. ఒక అంగుళం తగ్గితే దుప్పటి మడిచి, జారకుండా తాడుతో కట్టేశాం. లేచేటప్పుడు ఆపరేషన్ కాలు కాస్త ముందుకు చాపి, వాకర్‌ని లాగకుండా కుర్చీ చేతుల మీద బలం వేసి లేవాలి.

పాదాలు నేలకి పూర్తిగా ఆనకపోతే ఒక కుర్చీ తీసేయండి. వేర్వేరు మోడళ్లు కలిపితే ఊగుతాయి, ముందు మీరు కూర్చుని అటూ ఇటూ ఊగి చూడండి. బాత్‌రూమ్ తడి టైల్స్ మీద మాత్రం అస్సలు వద్దు.