సోర్స్ నుంచి బిల్డ్ చేస్తుంటే ఓ2 చాలు

గంటసేపు కంపైల్ చేసిన ప్రోగ్రామ్ తెరవగానే ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అని ఆగిపోతే ప్రాణం ఉసూరుమంటుంది. సోర్స్ కోడ్‌ని ప్రోగ్రామ్‌గా మార్చే కంపైలర్ జీసీసీకి ఆప్షన్లు (ఫ్లాగ్స్) ఇచ్చేటప్పుడు సీఫ్లాగ్స్‌లోనూ, సీప్లస్‌ప్లస్ కోడ్ ఉంటే సీఎక్స్ఎక్స్‌ఫ్లాగ్స్‌లోనూ ‘-ఓ2’ (ప్రోగ్రామ్ వేగం పెంచే స్థాయి) ఇవ్వండి. బిల్డ్ చేసిన సిస్టమ్‌లోనే వాడేదైతే, దాని ప్రాసెసర్‌కి తగ్గట్టు కోడ్ తయారుచేసే ‘-మార్చ్=నేటివ్’ కూడా కలపొచ్చు.

విజయనగరంలో కొత్త సిస్టమ్ మీద బిల్డ్ చేసి, పెన్‌డ్రైవ్‌లో శ్రీకాకుళం ల్యాబ్‌లోని పాత సెలెరాన్ ప్రాసెసర్ల సిస్టమ్‌లకి పట్టుకెళ్లేదైతే మాత్రం నేటివ్ వద్దు. కొత్త ప్రాసెసర్‌లోని ఏవీఎక్స్ అనే ఇన్‌స్ట్రక్షన్లు వాటిలో ఉండవు, అందుకే ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అని ఆగిపోతుంది. ‘-మార్చ్=ఎక్స్86-64’ పెడితే 64-బిట్ ఇంటెల్, ఏఎండీ దేనిమీదైనా నడుస్తుంది.

ఫ్లాగ్స్ మార్చాక ‘మేక్ క్లీన్’ కొట్టి మళ్లీ కాన్ఫిగర్ చేయండి, లేకపోతే పాత ఫ్లాగ్స్‌తో కంపైలైన ఆబ్జెక్ట్ ఫైళ్లే లింకవుతాయి. చివర్లో ప్రోగ్రామ్‌తో వచ్చే పరీక్షలు నడిపే ‘మేక్ చెక్’ తప్పనిసరి.

‘-ఓఫాస్ట్’ జోలికి పోవద్దు. అందులో వేగం కోసం లెక్కల నియమాలు సడలించే ఫాస్ట్-మ్యాథ్ వల్ల దశాంశాల లెక్కలు ఏ ఎర్రరూ చూపకుండానే తప్పొచ్చు. కొన్ని మేక్‌ఫైళ్లు (బిల్డ్ ఎలా చేయాలో ‘మేక్’కి చెప్పే ఫైళ్లు) మీ ఫ్లాగ్స్‌ని తీసేసి సొంతవి పెట్టుకుంటాయి; నడిచే కమాండ్లని పూర్తిగా చూపే ‘మేక్ వీ=1’తో ఒకసారి చూసుకోండి.