నవంబరులో వెనిస్ వెళ్తున్నారా? ముందు పౌర్ణమి ఎప్పుడో చూసుకోండి

ఏటా అక్టోబరు చివర్లో నాకు ఒకే రకం మెసేజ్ వస్తుంది. "అన్నా, నవంబరులో వీకెండ్ ఖాళీ ఉంది, బస్సు టికెట్ చవగ్గా దొరికింది, వెనిస్ వెళ్ళొస్తాం. ఏమైనా జాగ్రత్తలు ఉంటే చెప్పవా?" అడిగేది ఎక్కువగా మ్యూనిక్‌లో మాస్టర్స్ చేస్తున్న మన పిల్లలే. అడిగిన ప్రతివాళ్ళకీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాసి పెడుతున్నాను. 2019 నవంబరులో మేం నలుగురం అలాంటి చవక టికెట్ మీదే వెళ్ళి తొడల దాకా తడిసి వచ్చాం. కాబట్టి ఇందులో సగం సలహాలు, సగం మా నిర్వాకం.

ఆ ఏడు నవంబరు 12న కార్తీక పౌర్ణమి. భద్రాచలం నుంచి వచ్చిన మా రూమ్మేట్‌కి పొద్దున్నే వాళ్ళమ్మ ఫోన్ చేసి దీపం పెట్టావా అని అడిగింది. అదే రాత్రి వెనిస్‌లో నీటిమట్టం 187 సెంటీమీటర్లకు లేచింది. 1966 నవంబరు 4న వచ్చిన 194 తర్వాత అంత ఎత్తు ఎప్పుడూ రాలేదు. మా బస్సు 15వ తేదీ రాత్రికి. టికెట్ క్యాన్సిల్ చేస్తే పైసా రాదు. "నీళ్ళు చూడ్డానికేగా వెనిస్ వెళ్ళేది" అని ఒకడు జోకేశాడు, మిగతావాళ్ళం నవ్వి బ్యాగులు సర్దుకున్నాం. మీరు మాత్రం నవంబరు, డిసెంబరు ప్రయాణాలకి డబ్బు వెనక్కి వచ్చే టికెట్టే తీసుకోండి. ఐదో పదో యూరోలు ఎక్కువైనా సరే.

ముందు ఆ సెంటీమీటర్ల లెక్క అర్థం చేసుకోవాలి, ఎందుకంటే అందరూ తప్పటడుగు వేసేది అక్కడే. 187 అంటే మనిషి మునిగేంత నీళ్ళని మావాడు హడలిపోయాడు. అది వీధిలో నీటి లోతు కాదు. పుంటా దెల్లా సలూతే దగ్గర ఉన్న కొలత స్కేలు మీద, 1897లో పెట్టుకున్న సున్నా గీత నుంచి లెక్క. ఊళ్ళో అన్నిటికంటే పల్లం సాన్ మార్కో చౌరస్తా. అక్కడ 80 దాటగానే నేల తడవడం మొదలవుతుంది. అంటే స్కేలు 100 చూపిస్తే చౌరస్తాలో చీలమండ దాటి 20 సెంటీమీటర్లు, 150 చూపిస్తే మోకాలు దాటి 70. 110 దగ్గర ఊరిలో పదో వంతు కంటే కాస్త ఎక్కువే తడుస్తుంది. 140 దగ్గర సగానికి పైన. ఈ అంకెలన్నీ ఫోన్లో రాసి పెట్టుకోండి.

ఇంకో సంగతి. నీళ్ళు కాలువ గట్టు దాటి దూసుకొస్తాయని ఎదురు చూడకండి. సాన్ మార్కోలో మొదట నేల మీది రాతి జాలీల కింద నుంచి బుడగలు వస్తాయి. పొంగు మీదున్న పాల గిన్నెలాగా, చప్పుడు లేకుండా. మేం ఆ బుడగల ఫొటోలు తీసుకుంటూ నిలబడ్డాం. పది నిమిషాల్లో మా చుట్టూ ఉన్న నేలంతా అద్దమైపోయింది.

ఎందుకొస్తుందీ పోటు, అంటే ఈ సముద్రపు పొంగు? అమావాస్య, పౌర్ణమి రోజుల్లో సముద్రం మామూలుగానే ఎక్కువ పొంగుతుంది. దానికి తోడు ఆగ్నేయం నుంచి సిరోక్కో అనే గాలి ఏడ్రియాటిక్ సముద్రపు నీటిని వెనిస్ వైపు తోస్తుంది. పైగా అల్పపీడనం ఉంటే మట్టం ఇంకాస్త పైకి లేస్తుంది. మూడూ ఒకే పూట కలిస్తే పెద్ద పోటు. మన కోస్తా వాళ్ళకి ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. అందుకే బస్సు బుక్ చేసే ముందు మీ ఇంట్లో గోడకున్న తెలుగు క్యాలెండర్ ఫొటో తెప్పించుకుని, అమావాస్య, పౌర్ణమి పక్కన ఒక రోజు అటూ ఇటూ వదిలేయండి. గాలి సంగతి అంత ముందు తెలియదు. బయల్దేరడానికి రెండు రోజుల ముందు వెనిస్ నగరపాలక సంస్థ వారి పోటు అంచనా కేంద్రం పెట్టే గ్రాఫ్ చూడండి. ఏ పూట ఎన్ని సెంటీమీటర్లో గంటలతో సహా ఉంటుంది.

ఇప్పుడు గేట్లు కట్టేశారుగా అంటారు. నిజమే. మోసే అని పిలిచే ఆ ఏర్పాటులో సముద్రం లోపలికి వచ్చే మూడు దారుల దగ్గర, లీదో, మలమొక్కో, కియోజాల్లో, 78 పసుపు గేట్లు నీటి అడుగున పడుకుని ఉంటాయి. లోపలికి గాలి కొట్టి నీళ్ళు బయటికి తోస్తే పైకి లేస్తాయి. 2020 అక్టోబరు 3న మొదటిసారి నిజమైన పోటును ఆపాయి. మేం ఒక ఏడాది ముందు వెళ్ళాం, మా ఖర్మ. కానీ గేట్లు లేపేది సాధారణంగా 110 వస్తుందని అంచనా ఉంటేనే. 80కీ 110కీ మధ్య సాన్ మార్కో ఇప్పటికీ తడుస్తుంది. అంచనా కూడా తప్పొచ్చు. 2020 డిసెంబరు 8న తక్కువే వస్తుందనుకుని గేట్లు లేపలేదు, 138 వచ్చింది. కాబట్టి గేట్ల మీద భరోసాతో కాన్వాస్ బూట్లు వేసుకుని వెళ్ళకండి.

పెద్ద పోటు వస్తుంటే ఊరంతా సైరన్ మోగుతుంది. దాని వెనక ఒక సాగదీసిన స్వరం వినిపిస్తుంది. ఒక్కటే అయితే 110, రెండయితే 120, మూడయితే 130, నాలుగు స్వరాలు మెట్లెక్కినట్టు వినిపిస్తే 140 లేదా అంతకు పైన. ఆదివారం పొద్దున మేం విన్నది నాలుగు. మా భద్రాచలం వాడు దుప్పటి తీయకుండానే "ఇది మూడో ప్రమాద హెచ్చరిక రా" అన్నాడు. వాడి లెక్క గోదావరిది. 43 అడుగులకు ఒకటి, 48కి రెండు, 53కి మూడు. చిన్నప్పటి నుంచి ఆ లెక్కలోనే పెరిగినవాడు, మా అందరికంటే ముందు ఛార్జర్ తీసి పై బంకు మీద పెట్టాడు.

బూట్ల దగ్గరికి వద్దాం. శనివారం ఊరు కాస్త తెరిపిగా ఉంది. దుకాణాల ముందు తడిసిన పరుపులు, పాడైపోయిన ఫ్రిజ్‌లు, ఉబ్బిపోయిన పుస్తకాల గుట్టలు. మాలో ఉన్న వరంగల్ అమ్మాయి అవి చూసి నేరుగా ఒక ఇనప సామాన్ల కొట్లోకి వెళ్ళి మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు కొనుక్కుంది. "రేపు సాయంత్రం బస్సులో వీటిని ఎక్కడ పెడతావ్?" అని ముగ్గురం ఏడిపించాం. మేం వీధిలో పది యూరోలకు అమ్మే నారింజ రంగు ప్లాస్టిక్ తొడుగులు కొన్నాం. షూ మీద వేసుకుని తాడు బిగిస్తే చాలన్నాడు అమ్మినతను. చీలమండ లోతుకి అవి చాలు కూడా. ఆదివారం మోకాలు దాటేసరికి పై నుంచి నీళ్ళు దిగి తొడుగులు ఉబ్బిపోయాయి. ఒక్కో కాలికి ఒక్కో బకెట్ కట్టుకుని నడిచినట్టుంది. ఆమె మాత్రం 'చెప్పిన కదా' అని ఒక్క మాటైనా అనకుండా ముందు నడిచింది. అదే ఎక్కువ గుచ్చుకుంది. మీరు దిగిన హాస్టల్లో ముందు అడగండి, వెనకటి వాళ్ళు వదిలేసిన బూట్లు చాలాచోట్ల మూలన ఉంటాయి. మా వరంగల్ అమ్మాయి బూట్లు కూడా అలాంటి ఒక మూలకే చేరాయి.

ఇప్పుడు అసలు ప్రమాదం. తడవడం కాదు, గట్టు కనబడకపోవడం. నీళ్ళు నిండాక కాలిబాట ఎక్కడ ఆగి కాలువ ఎక్కడ మొదలవుతుందో కంటికి తెలియదు, అంతా ఒకే మట్టి రంగు. మా రూమ్మేట్ ఫోన్ చూసుకుంటూ, దారి వెతుక్కుంటూ నీటి వైపు జరిగాడు. పై అంతస్తు కిటికీలోంచి ఒక పెద్దావిడ "మూరో! మూరో!" అని అరిచింది. మూరో అంటే గోడ. మాకు అర్థమయ్యేలోపే వాడి కుడికాలు లేని మెట్టు మీద పడింది. తొడ దాకా దిగిపోయాడు, నేను బ్యాగు పట్టి లాగాను. ఫోన్ మాత్రం చేతిలోంచి జారి నీళ్ళలో పడింది. వెతికి తీశాం, బతకలేదు. ఉప్పునీరు కదా. గుర్తుంచుకోండి. ఎప్పుడూ ఇళ్ళ గోడను ఒక చేత్తో తాకుతూ నడవండి, ఒకరి వెనక ఒకరు. కాలువలోకి దిగే మెట్ల మీద పాచి ఉంటుంది, పొడి రోజుల్లో కూడా ఫొటో కోసం దిగొద్దు. ఫోన్ జిప్ కవర్లో పెట్టి మెడకి వేసుకోండి. దారి చూడాలంటే ఆగి చూడండి. వెనిస్‌లో డోర్ నంబర్లు వీధి ప్రకారం కాకుండా పేట ప్రకారం వేల దాకా వెళ్తాయి, కాబట్టి మ్యాప్ ఎలాగూ తికమక పెడుతుంది.

వీధుల్లో బల్లల వరుసలా ఎత్తుగా వేసే నడకదారులుంటాయి, పాసెరెల్లే అంటారు. వాటి మీద ఆగి సెల్ఫీలు తీసుకుంటే వెనక ఊరివాళ్ళు పనికి వెళ్ళలేక తిట్టుకుంటారు, అందులో న్యాయం కూడా ఉంది. కుడివైపు నడుస్తూ పోవాలి. 120 దాటితే అవి కూడా తేలిపోయే ప్రమాదం ఉందని తీసేస్తారు. మట్టం పెరిగితే వాపొరెట్టోలు, అంటే సిటీ బస్సుల్లా తిరిగే పడవలు, వంతెనల కింద పట్టవు, దారి మారుస్తారు లేదా ఆపేస్తారు. ఆ ఆదివారం సాన్ మార్కోను కూడా మూసేశారు. ఇవన్నీ వింటే టెన్షన్ వద్దు. పోటు మూడు నాలుగు గంటలే ఉంటుంది, తర్వాత నీళ్ళు వెనక్కి తీస్తాయి. ఆ గంటలు ఏదైనా మ్యూజియం పై అంతస్తులోనో, మెస్ట్రే వైపు ఉన్న రూములోనో గడిపేయండి. మెస్ట్రే ప్రధాన భూభాగం మీద ఉంది, రైల్లో పది నిమిషాలు, రూములు చవక. దీవిలోనే దిగాలనుకుంటే గ్రౌండ్ ఫ్లోర్ గది మాత్రం తీసుకోకండి.

ఆ నీళ్ళలో మురుగు కూడా కలిసి ఉంటుంది. కాలికి పుండు ఉంటే దిగొద్దు, బయటికి రాగానే మంచినీళ్ళతో సబ్బు పెట్టి కడగండి. నీళ్ళున్న గదిలో స్విచ్ ముట్టుకోకండి. 2019 నవంబరు 12 రాత్రి పెల్లెస్త్రీనా దీవిలో ఒకాయన ఇంట్లోకి వచ్చిన నీళ్ళు తోడే పంపు వెయ్యబోయి కరెంట్ షాక్‌తో చనిపోయాడు.

డబ్బు విషయాలు త్వరగా చెప్పేస్తా. వాపొరెట్టో టికెట్ 75 నిమిషాలకు 9.50 యూరోలు, వయసు 29 లోపు ఉంటే రోలింగ్ వెనిస్ కార్డుతో మూడు రోజుల పాస్ నయం. గొండోలా అధికారిక ధర పగలు అరగంటకు 90, మనిషికి కాదు పడవకి. ఐదుగురు పంచుకోవచ్చు. హోటల్లో కొపెర్తో అని బిల్లులో కనబడితే మోసం కాదు, కూర్చున్నందుకు వేసేది. సాన్ మార్కో మెట్ల మీద కూర్చుని పులిహోర డబ్బా తెరవకండి, జరిమానా ఉంది. 2019 జూలైలో రియాల్టో వంతెన దగ్గర చిన్న స్టవ్ మీద కాఫీ కాచుకున్న ఇద్దరు జర్మన్లకు 950 యూరోలు వేశారు. మ్యాగీ ప్లాన్ ఉన్నవాళ్ళు ఆలోచించుకోండి.

చివరిగా కాగితాలు. ఆస్ట్రియా నుంచి జర్మనీలోకి వచ్చేటప్పుడు 2015 నుంచీ తనిఖీలున్నాయి. షెంగెన్ (సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న దేశాల కూటమి) కదా ఎవరడుగుతారు అనుకోకుండా పాస్‌పోర్ట్, రెసిడెన్స్ కార్డ్ రెండూ అసలువే లోపలి జేబులో, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి. మేం తిరిగి వస్తుంటే తెల్లవారుజామున జర్మనీ సరిహద్దులో కీఫర్స్‌ఫెల్డెన్ దగ్గర బస్సు ఆపారు. పోలీసతను మా కాళ్ళకున్న ప్లాస్టిక్ సంచులు చూసి "వెనిస్?" అని నవ్వాడు. మా రూమ్మేట్‌ని పాస్‌పోర్ట్ అడిగితే వాడు తెల్లమొహం వేశాడు. రెండూ రూములో పెట్టి, ఫోన్లో ఫొటోలు తీసుకొచ్చుకున్నాడు. ఆ ఫోనే కాలువ నీళ్ళు తాగింది. వాణ్ణి కిందికి దింపారు. మేం మ్యూనిక్‌లో ఉన్న ఇంకో రూమ్మేట్‌ని నిద్ర లేపి, అలమరాలో బట్టల కింద వెతికించి, నా ఫోన్‌కి ఫొటోలు తెప్పించి చూపించాం. వాళ్ళ కంప్యూటర్లో సరిపోల్చుకుని వదిలేసేసరికి నలభై నిమిషాలు. బస్సెక్కి వస్తుంటే అరవై కళ్ళు వాడి మీదే. సీట్లో కూర్చుంటూ మెల్లగా అడిగాడు, "ఇంట్లో చెప్పరు కదరా?"