పాత క్రోనోగ్రాఫ్‌ల సేకరణ – 4వ పాఠం: డయల్ చదవడం

గత పాఠంలో క్రోనోగ్రాఫ్ (స్టాప్‌వాచ్ కూడా ఉన్న చేతిగడియారం) కేసు, అంటే బయటి లోహపు పెట్టె, అంచులు చూశాం. పదేపదే పాలిష్ పట్టిన కేసు ఎలా అరిగి గుండ్రబడుతుందో వేళ్లతో తడిమి తెలుసుకున్నారు. ఈసారి డయల్. నన్నడిగితే సేకరణలో సగం చదువు ఇదే. మిషను పాడైతే విడిభాగం వెతుక్కోవచ్చు, అద్దం కొత్తది వేయించుకోవచ్చు. రంగు గీకేసి మళ్లీ అచ్చు వేసిన డయల్‌కు మాత్రం పాత ముఖం తిరిగి రాదు.

నా మొదటి సీకో 6139ను (జపాన్ కంపెనీ సీకో చేసిన క్రోనోగ్రాఫ్) చెన్నైలో ప్యారిస్ కార్నర్ దగ్గర ఒక సందులో కొన్నాను. నీలం డయల్ ధగధగలాడుతుంటే, ఇన్నేళ్లు ఇంత బాగా నిలిచిందే అని మురిసిపోయాను. షావుకారుపేటలో తెలుగు మాట్లాడే ఒక పెద్దాయన గడియారాలు బాగుచేసేవారు. ఆయనకు చూపిస్తే భూతద్దం నా చేతికే ఇచ్చి, “బాబూ, ఆరు దగ్గర సన్న అక్షరాలు చదువు” అన్నారు. చదవలేకపోయాను. అక్షరాలు సిరా కాగితం మీద ఊరినట్టు ఒకదానిలోకి ఒకటి పాకాయి. డయల్‌లో లోపలికి దిగి ఉండాల్సిన చిన్న వృత్తం అంచులో రంగు పేరుకుని మెట్టు మొద్దుబారింది. అంటే అది మళ్లీ అచ్చు వేసిన డయల్. అప్పటినుంచి ఏ గడియారం చేతికొచ్చినా ముందు ఆ ఆరు దగ్గరికే వెళతాను. మీరూ అదే అలవాటు చేసుకోండి.

ఫ్యాక్టరీ అచ్చులో అక్షరం అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది. పగటి వెలుగులో డయల్‌ను వంచి చూస్తే సిరా కొద్దిగా ఉబ్బెత్తుగా తెలుస్తుంది.

రాతలో ఏముందో కూడా చూడాలి. 1969లో వచ్చిన 6139 తొలి గడియారాల మీద ‘వాటర్ ప్రూఫ్’ అని ఉండేది, తరువాత అది ‘వాటర్ రెసిస్ట్’ అయింది. వెనక మూత మీద క్రమసంఖ్యలో మొదటి అంకె సంవత్సరం, రెండోది నెల. అది 35తో మొదలైతే 1973 మే అన్నమాట. ఆ మూత ఉన్న గడియారం డయల్ మీద ‘ప్రూఫ్’ అని కనిపిస్తే మూతా డయలూ ఒకే గడియారానివి కావు. రాత మారిన రోజుల్లోని వాటిలో కలగలుపు ఉండవచ్చు కాబట్టి, వాటి విషయంలో ఈ ఒక్క ఆధారంతో తీర్పు చెప్పకండి.

స్విస్ క్రోనోగ్రాఫ్‌ల్లో చాలావాటికి వేగం కొలిచే టాకీమీటర్ కొలత డయల్ అంచునే ఉంటుంది. దాన్ని లెక్కతోనే పట్టుకోవచ్చు. గంటలోని 3600 సెకన్లను ముల్లు చూపే సెకన్లతో భాగించండి: 15 సెకన్ల దగ్గర 240, 30 దగ్గర 120, 45 దగ్గర 80 ఉండాలి. మళ్లీ అచ్చు వేసినవారి చెయ్యి తరచూ ఇక్కడే తడబడుతుంది. 120 గుర్తు ఆరుకు వెంట్రుకవాసి పక్కన పడినా నేను ఆ గడియారం తీసుకోను.

చీకట్లో మెరిసే పూత సంగతి క్లుప్తంగా. ముళ్ల మీదా గుర్తుల మీదా ఒకే వయసు రంగు ఉండాలి. టార్చి చూపించి ఆర్పేశాక చాలాసేపు వెలుగుతూనే ఉంటే అది కొత్తగా పూసిన పూత.

ఇంటి పని: 10 రెట్ల భూతద్దం తీసుకోండి. క్రోనోగ్రాఫ్ లేకపోతే నాన్నగారి హెచ్‌ఎంటీ అయినా సరే. ఆరు కింద ఉన్న ప్రతి అక్షరాన్నీ నోటు పుస్తకంలో ఉన్నదున్నట్టు దించండి. వచ్చే పాఠంలో ముళ్లు చూద్దాం, ఆ పుస్తకం దగ్గర పెట్టుకోండి.