టీనేజ్ పిల్లలు, వైరస్‌లు: పరిశోధనల్లో తేలినదాన్ని ఇంట్లో ఎలా వాడుకోవాలి

పిల్లలకి ఐదేళ్లు వచ్చేదాకా టీకా కార్డు కళ్లెదురుగానే పెట్టుకుంటాం, తర్వాతి తేదీ ఎప్పుడా అని చూస్తూ ఉంటాం. ఆ తర్వాత అది ఎక్కడుందో కూడా గుర్తుండదు. పదేళ్లు దాటిన పిల్లలు పెద్దగా జబ్బు పడరు, పడినా రెండు రోజుల్లో లేచి తిరుగుతారు, దాంతో ఇక ఇమ్యూనిటీ గొడవ తీరిపోయిందనుకుంటాం. కానీ వైరస్‌ల విషయంలో పది నుంచి పంతొమ్మిదేళ్ల మధ్య కాలం చాలా కీలకమని గత ఇరవై ఏళ్ల పరిశోధనలు గట్టిగా చెబుతున్నాయి. కొన్ని టీకాలు ఈ వయసులో వేస్తేనే పూర్తి ఫలితం ఇస్తాయి. కొన్ని వైరస్‌లు చిన్నప్పుడు వస్తే తెలియనే తెలియవు, ఈ వయసులో వస్తే మాత్రం మంచం పట్టిస్తాయి.

నేను డాక్టర్ని కాను, ఇద్దరు పిల్లల తల్లిని. మా పెద్దమ్మాయికి పదిహేనో ఏట మోనో అనే వైరల్ జబ్బు (గొంతు నొప్పి, జ్వరం, వారాల తరబడి నీరసం) వచ్చి నెలన్నర పాటు చదువు, ఆటలు అన్నీ ఆగిపోయాయి. అప్పుడు మొదలుపెట్టిన చదవడం ఇప్పటికీ ఆపలేదు. అందులో ఇంట్లో నిజంగా పనికొచ్చేవి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ కార్డు వెతకండి

తట్టు టీకా రెండు డోసులూ పడ్డాయా, హెపటైటిస్ బి పూర్తయిందా, ఆటలమ్మ వచ్చిందా లేక దాని టీకా వేయించారా, ఈ మూడూ చూడండి. చాలామంది మొదటి డోసు వేయించి, రెండోది వేయించకుండా ఆగిపోతారు. తట్టు టీకా రెండు డోసులు పడితే దాదాపు 97 శాతం రక్షణ ఉంటుంది, ఒక్కటే అయితే 93 శాతం దగ్గర ఉంటుంది. ఆ నాలుగు శాతం తేడాకి ఇంత చెప్పాలా అనిపించవచ్చు గానీ, తట్టు అంత వేగంగా అంటుకునే వైరస్‌లు చాలా తక్కువ.

ఇంకో సంగతి 2019లో బయటపడింది. నెదర్లాండ్స్‌లో టీకా వేయించుకోని 77 మంది పిల్లల రక్తాన్ని తట్టు రాకముందు, వచ్చి తగ్గాక పరీక్షించారు. అంతకుముందు వేరే జబ్బుల మీద వాళ్లు సంపాదించుకున్న యాంటీబాడీల్లో 11 నుంచి 73 శాతం దాకా పోయాయి. అంటే తట్టు వచ్చి పోతూ పోతూ, శరీరం ఏళ్ల తరబడి నేర్చుకున్న పాఠాలు కూడా చెరిపేస్తుందన్నమాట. తట్టు ఒకసారి వచ్చి పోతే మంచిదేలే అనేవాళ్లకి ఈ ఒక్క ముక్క చెప్పండి చాలు.

కార్డు దొరక్కపోతే టెన్షన్ పడకండి. టీకా పడిందో లేదో తెలియనప్పుడు మళ్లీ వేయించుకుంటే సాధారణంగా నష్టం లేదు, డాక్టర్లు చేసే పని కూడా అదే. ఆటలమ్మ టీకాకి మాత్రం పదమూడేళ్లు దాటినవాళ్లకి కనీసం నాలుగు వారాల తేడాతో రెండు డోసులు కావాలి. చిన్నపిల్లల కంటే పెద్దవాళ్లలో ఆటలమ్మ తీవ్రంగా వస్తుంది, న్యుమోనియా దాకా వెళ్లే ప్రమాదం ఉంది.

హెచ్‌పీవీ టీకా: ఇక్కడ వయసే ముఖ్యం

దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇంట్లో చర్చ మొదలవ్వకుండానే ఆగిపోయేది ఇక్కడే.

హెచ్‌పీవీ అంటే హ్యూమన్ పాపిల్లోమా వైరస్, ఎక్కువగా లైంగిక సంబంధం ద్వారా అంటుకుంటుంది. సర్వైకల్ క్యాన్సర్లలో, అంటే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో, సుమారు 70 శాతానికి హెచ్‌పీవీలో 16, 18 అనే రెండు రకాలు కారణం. ఈ వైరస్‌కి, ఆ క్యాన్సర్‌కి ఉన్న సంబంధాన్ని కనిపెట్టినందుకే హరాల్డ్ జుర్ హౌసెన్‌కి 2008లో నోబెల్ వచ్చింది. 1991లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీలో ఇయాన్ ఫ్రేజర్, జియాన్ జౌ ఈ వైరస్ పైపెంకుని మాత్రమే, లోపల జన్యుపదార్థం లేకుండా, ల్యాబ్‌లో తయారుచేశారు. టీకాలో ఉండేది ఆ ఖాళీ పెంకే, అది ఎవరికీ వైరస్ అంటించలేదు. 2006లో మొదటి టీకాకి అనుమతి వచ్చింది.

ఈ టీకా వైరస్‌ని లోపలికి రానివ్వకుండా ఆపుతుంది, అప్పటికే వచ్చిన వైరస్‌ని బయటికి పంపలేదు. అందుకే లైంగిక జీవితం మొదలవడానికి చాలా ముందే, తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల మధ్య వేయించమంటారు. "మా అమ్మాయికి ఇప్పుడే ఎందుకు, ఇంకా చిన్నపిల్ల" అని చాలామంది తల్లులు అంటారు. చిన్నపిల్ల కాబట్టే ఇప్పుడు వేయించాలి. ఆ వయసులో శరీరం ఇచ్చే స్పందన కూడా ఎక్కువే, తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్లో రెండు డోసులకి వచ్చే యాంటీబాడీలు, పదహారు దాటినవాళ్లలో మూడు డోసులకి వచ్చేవాటికి తీసిపోవు.

వయసుని బట్టి ఎంత తేడా వస్తుందో ఇంగ్లండ్ లెక్కలు చూడండి. 2021లో వచ్చిన ఆ అధ్యయనంలో, 12–13 ఏళ్లప్పుడు టీకా అందిన తరం అమ్మాయిల్లో సర్వైకల్ క్యాన్సర్ 87 శాతం తగ్గింది. 14–16 మధ్య అందినవాళ్లలో 62 శాతం, 16–18 మధ్య అయితే 34 శాతం. టీకా ఒకటే, కానీ వేసిన వయసుని బట్టి ఫలితం ఇంతగా మారింది. స్కాట్లాండ్‌లో అయితే 12–13 ఏళ్లకే టీకా వేయించుకున్నవాళ్లలో సర్వైకల్ క్యాన్సర్ ఒక్క కేసు కూడా కనిపించలేదని 2024లో ప్రకటించారు. నేను ఈ వాక్యం మొదటిసారి చదివినప్పుడు మళ్లీ వెనక్కి వెళ్లి చదివాను.

ఎన్ని డోసులు అన్నది దేశాన్ని బట్టి మారుతుంది. 9–20 ఏళ్ల వాళ్లకి ఒకటి గానీ రెండు గానీ చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 డిసెంబరులో చెప్పింది. దీని వెనక ఉన్న ఆధారాల్లో ఒకటి అనుకోకుండా దొరికింది. 2009లో భారత్‌లో 10–18 ఏళ్ల అమ్మాయిలకి రెండు డోసులు చాలా, మూడు కావాలా అని చూసే ట్రయల్ మొదలైంది, 2010లో టీకాలు మధ్యలో ఆగిపోవడంతో వేలమందికి ఒక్క డోసే పడింది. పరిశోధకులు వాళ్లని వదిలెయ్యకుండా పదేళ్లు గమనిస్తూ వచ్చారు. హెచ్‌పీవీ 16, 18 రకాలు శరీరంలో పాతుకుపోకుండా ఒక్క డోసే సుమారు 95 శాతం కాపాడింది. అయినా మీ దగ్గర డాక్టర్ రెండు డోసులు చెబితే రెండూ వేయించండి, పదిహేను దాటాక మొదలుపెట్టినా, హెచ్ఐవీ లాంటివాటి వల్ల ఇమ్యూనిటీ తక్కువగా ఉన్నా మూడు చెప్పవచ్చు.

అబ్బాయిలకి కూడా అడగండి. గొంతు, మలద్వారం, పురుషాంగం క్యాన్సర్లలో, జననాంగాల మీద వచ్చే పులిపిర్లలో కూడా ఈ వైరస్ పాత్ర ఉంది. ఆస్ట్రేలియా 2007లో అమ్మాయిలకి మొదలుపెట్టి 2013 నుంచి అబ్బాయిలకీ ఇస్తోంది. ఈ టీకా వేయిస్తే ఇక పిల్లలు పుట్టరనే పుకారు ఉంది కదా, కోట్ల డోసులు వేశాక ఏళ్ల తరబడి వెతికినా దానికి ఆధారం దొరకలేదు. అమ్మాయిలు పెద్దయ్యాక చేయించుకోవాల్సిన సర్వైకల్ క్యాన్సర్ స్క్రీనింగ్ పరీక్షలు మాత్రం టీకా వేయించుకున్నా మానకూడదు, ఎందుకంటే అన్ని రకాల హెచ్‌పీవీనీ ఈ టీకాలు ఆపలేవు.

టీకా వేసిన రోజు

టీనేజ్ పిల్లలకి సూది తర్వాత కళ్లు తిరిగి పడిపోవడం బాగా ఎక్కువ. మందు వల్ల కాదు, భయం వల్ల, నొప్పి వల్ల. పడిపోయి తలకి దెబ్బ తగిలితే అదే పెద్ద సమస్య. కాబట్టి ఖాళీ కడుపుతో తీసుకెళ్లకండి, కూర్చోబెట్టి గానీ పడుకోబెట్టి గానీ వేయించండి, తర్వాత పదిహేను నిమిషాలు అక్కడే ఉండండి. "ఇంత పెద్దవాడివి, సూదికి భయమేంటి" అని అనొద్దు.

కోవిడ్ టీకాల్లో ఎంఆర్ఎన్ఏ అనే ఒక రకం వేశాక గుండె కండరం వాపు, అంటే మయోకార్డైటిస్, అరుదుగా వచ్చింది. ముఖ్యంగా టీనేజ్ అబ్బాయిల్లో, కుర్రాళ్లలో, రెండో డోసు తర్వాత వారంలోపు. ఎక్కువమంది కోలుకున్నారు, కోవిడ్ వైరస్ వల్ల కూడా ఇది వస్తుంది. దాన్ని దాచాల్సిన పని లేదు, తెలిసి ఉంటే చాలు. అలాంటి టీకా తర్వాత ఛాతీలో నొప్పి, ఆయాసం, గుండె దడ కనిపిస్తే అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

గొంతు నొప్పి, జ్వరం, వదలని నీరసం

మోనోకి కారణం ఎప్‌స్టీన్-బార్ వైరస్. 1964లో కనిపెట్టారు, పెద్దవాళ్లలో 90 శాతానికి పైగా మందిలో ఇది ఉంటుంది. చిన్నప్పుడు వస్తే మామూలు జలుబులా పోతుంది. టీనేజ్‌లో మొదటిసారి వస్తే కథ వేరు, దాన్ని అణచడానికి రక్తంలో వైరస్‌తో పోరాడే టీ కణాలు ఒక్కసారిగా విపరీతంగా పెరుగుతాయి, పిల్లల్ని పడుకోబెట్టే లక్షణాల్లో చాలాభాగం ఆ పోరాటం వల్ల వచ్చేవే.

మా అమ్మాయికి మొదట మామూలు టాన్సిల్స్ అనుకుని ఒక డాక్టర్ అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ రాశారు. నాలుగో రోజుకి ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు. మోనో ఉన్నప్పుడు ఆ మందు పడితే ఇలా రావడం చాలామందిలో జరిగేదేనని, అది నిజమైన అలెర్జీ కాకపోవచ్చని మాకు తర్వాత తెలిసింది. అందుకే గొంతు నొప్పితో పాటు మెడలో గడ్డలు, కళ్ల చుట్టూ వాపు, లేవలేనంత నీరసం ఉంటే, యాంటీబయాటిక్ మొదలుపెట్టేలోపు "మోనో అయ్యుంటుందా?" అని మీరే అడగండి. మొదటి వారంలో మోనోస్పాట్ పరీక్ష (మోనో ఉందేమో చూసే రక్తపరీక్ష) నెగటివ్ వచ్చినా అది కాదని తేల్చెయ్యలేం, అనుమానం ఉంటే మళ్లీ చేయించాలి.

వైరస్‌ని చంపే మందంటూ దీనికి లేదు. విశ్రాంతి, నీళ్లు, జ్వరానికి డాక్టర్ చెప్పిన మోతాదులో పారాసిటమాల్. అసలు జాగ్రత్త ప్లీహం (కడుపులో ఎడమవైపు పైన ఉండే అవయవం, స్ప్లీన్) గురించి, మోనోలో అది ఉబ్బుతుంది, దెబ్బ తగిలితే పగిలే ప్రమాదం ఉంది. లక్షణాలు మొదలైన దగ్గర్నుంచి కనీసం మూడు వారాలు ఆటలు, బరువులు ఎత్తడం వద్దు. ఒకరినొకరు ఢీకొనే ఆటలైతే ఇంకా ఎక్కువ రోజులు, అది కూడా డాక్టర్ సరేనన్నాకే. పిల్లలకి కాస్త ఓపిక రాగానే మైదానానికి పరిగెత్తాలనిపిస్తుంది, కోచ్‌తో మీరే మాట్లాడండి. కడుపులో ఎడమవైపు పైభాగాన గానీ ఎడమ భుజంలో గానీ హఠాత్తుగా నొప్పి వస్తే ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

మరొకటి, ఏ వైరల్ జ్వరానికైనా టీనేజ్ పిల్లలకి ఆస్పిరిన్ ఇవ్వొద్దు. ముఖ్యంగా ఫ్లూ, ఆటలమ్మల్లో. మెదడుని, కాలేయాన్ని దెబ్బతీసే రై సిండ్రోమ్ అరుదే, కానీ ప్రాణాంతకం.

నిద్ర

13–18 ఏళ్ల వాళ్లకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. యవ్వనంలో శరీరంలోని గడియారమే కాస్త వెనక్కి జరుగుతుంది, రాత్రి పదకొండయినా నిద్ర రావట్లేదు అంటే అది మొండితనం కాకపోవచ్చు. ఫోన్ పక్క గదిలో పెట్టించడం, పొద్దున వెలుతురులోకి పంపడం, సెలవుల్లోనూ గంటకి మించి తేడా రానివ్వకపోవడం, మా ఇంట్లో పని చేసినవి ఇవే. టీకా వేయించే వారంలోనైనా ఈ ఒక్కటి గట్టిగా చూడండి. 2002లో వచ్చిన ఒక అధ్యయనంలో, వరసగా కొన్ని రాత్రులు 4 గంటలే పడుకోనిచ్చి ఫ్లూ టీకా వేస్తే, పది రోజుల తర్వాత చూసినప్పుడు యాంటీబాడీలు మామూలుగా నిద్రపోయినవాళ్లలో సగం కూడా లేవు.

వార్తలో "పరిశోధనలో తేలింది" అని వస్తే

ఆ నిద్ర అధ్యయనాన్నే తీసుకోండి. అందులో ఉన్నది 25 మంది యువకులు. అమ్మాయిలు లేరు, పదమూడేళ్ల పిల్లలు లేరు. యవ్వనం మొదలయ్యాక ఆడవాళ్లలో యాంటీబాడీలు సాధారణంగా మగవాళ్ల కంటే ఎక్కువగా వస్తాయని మనకి తెలుసు, కాబట్టి ఆ ఫలితం మీ అమ్మాయికి అచ్చంగా అలాగే వర్తిస్తుందని చెప్పలేం. నిద్ర ఎలాగూ మంచిదే కాబట్టి నేను పాటిస్తాను, కానీ ఏదైనా మందో పౌడరో కొనమని ఇలాంటి అధ్యయనం చూపిస్తే మాత్రం కొనను.

కాబట్టి మొదట అడగాల్సింది, ఎవరి మీద చేశారు, ఏ వయసు వాళ్లు, ఎంతమంది? రెండోది, దేన్ని కొలిచారు? యాంటీబాడీలు పెరిగాయనడం వేరు, జబ్బు తగ్గిందనడం వేరు. ఒక్క డోసు హెచ్‌పీవీ మీద పైన చెప్పిన అధ్యయనం కొలిచింది వదలని ఇన్ఫెక్షన్‌ని, క్యాన్సర్‌ని కాదు. ఇంగ్లండ్ వాళ్లు లెక్కపెట్టింది క్యాన్సర్ కేసుల్నే. రెండూ విలువైనవే, కానీ రెండూ ఒకటి కాదు.

మూడోది "ఇన్ని రెట్లు" అనే మాట. 2022లో అమెరికా సైన్యంలో కోటి మందికి పైగా ఉన్న రికార్డులు చూసి, ఎప్‌స్టీన్-బార్ వైరస్ సోకాక మల్టిపుల్ స్క్లెరోసిస్ (మెదడు, వెన్నుపాములోని నరాలని దెబ్బతీసే జబ్బు) ప్రమాదం 32 రెట్లు పెరుగుతుందని చెప్పారు. మా అమ్మాయికి మోనో తగ్గాక ఇది చదివి నేను ఆ రాత్రంతా నిద్రపోలేదు. పొద్దున్నే మళ్లీ చదివితే అర్థమైంది, ఆ కోటి మందిలో మల్టిపుల్ స్క్లెరోసిస్ వచ్చినట్టు గుర్తించింది 955 మందిలో. వైరస్ దాదాపు అందరికీ వస్తుంది, ఆ జబ్బు మాత్రం చాలా కొద్దిమందికే. ఈ పరిశోధన వల్ల వైరస్ మీద టీకా తయారుచేయాలనే ప్రయత్నాలకి ఊపు వచ్చింది, అది మంచి కబురు. మోనో వచ్చిన పిల్లలకి దీని కోసం ప్రత్యేకంగా పరీక్షలు అక్కర్లేదని మా డాక్టర్ చెప్పారు.

ఇవన్నీ పిల్లలతో కలిసి చదవండి. పన్నెండేళ్లకి ఖాళీ పెంకు టీకా ఎలా పనిచేస్తుందో వాళ్లకి చక్కగా అర్థమవుతుంది. మా చిన్నవాడు హెచ్‌పీవీ సూదికి ముందు నర్సుని తనే అడిగాడు, నేను పడుకుని వేయించుకోవచ్చా అని. ఆవిడ వెంటనే మంచం చూపించారు.