ప్రాగ్‌లో రెండు రోజులు: ఏ వేళకు ఏది చూడాలి

జర్మనీలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్లు శని, ఆదివారాల్లో మిత్రులతో కలిసి చూసి రాదగిన పాత నగరాల్లో చెక్ దేశ రాజధాని ప్రాగ్‌ను నేను ముందు చెబుతాను. డ్రెస్డెన్ నుంచి రైలులో సుమారు రెండున్నర గంటల ప్రయాణం. బెర్లిన్ నుంచి అయితే నాలుగు గంటలు దాటుతుంది. చూడవలసినవాటిలో చాలా భాగం వ్లతావా నదికి ఇరువైపులా, నడిచి తిరగగలిగినంత దూరంలోనే ఉన్నాయి. అయితే అన్నీ అంత దగ్గరగా ఉండటం వల్లనే వచ్చినవారందరూ ఒకే వేళకు ఒకే చోట పోగవుతారు. కాబట్టి ఏమేమి చూడాలన్న జాబితా కన్నా దేన్ని ఏ వేళకు చూడాలన్న లెక్కే ఇక్కడ ముఖ్యం.

శుక్రవారం సాయంత్రానికి అక్కడికి చేరుకునేటట్లు బయలుదేరడం మంచిది. డ్రెస్డెన్ దాటాక రైలు ఎల్బే నది వెంబడే సాగుతుంది కనుక, వెళ్లే దిశకు ఎడమవైపు కిటికీ పక్కన సీటు దొరికితే నదినీ, దాని ఒడ్డున నిలువుగా లేచిన ఇసుకరాతి కొండలనూ చూస్తూ వెళ్లవచ్చు. జర్మనీ నివాస అనుమతి ఉన్నవారికి చెక్ దేశానికి వేరే వీసా అవసరం లేదు. ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల వరకు షెంగెన్ దేశాల్లో, అంటే ఉమ్మడి వీసా చెల్లే యూరప్ దేశాల్లో, తిరగవచ్చు. కానీ అనుమతి కార్డు ఒక్కటే సరిపోదు, పాస్‌పోర్టు కూడా దగ్గర ఉండాలి. భారతదేశం నుంచి నేరుగా వచ్చేవారు షెంగెన్ వీసాకు ప్రయాణానికి కనీసం 15 రోజుల ముందు దరఖాస్తు చేసుకోవాలి. కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి.

చెక్ దేశం యూరోపియన్ యూనియన్‌లో ఉన్నా అక్కడి నాణెం యూరో కాదు, కొరునా. దాదాపు అన్నిచోట్లా కార్డు చెల్లుతుంది కనుక చిల్లర ఖర్చులకు కొద్ది మొత్తం తీసుకుంటే చాలు. ఏటీఎం యంత్రం ‘మీ సొంత కరెన్సీలోకి మార్చి లెక్కకట్టమంటారా’ అని అడిగితే వద్దని నొక్కి, కొరునాల్లోనే లెక్క ఉంచాలి. సరే అన్నామంటే మారకపు ధరలో నష్టపోయినట్టే. వీధిలోని మారకపు దుకాణంలో మోసపోయామని తెలిస్తే, చిన్న మొత్తాలకు మూడు గంటలలోపు ఆ మార్పిడిని రద్దు చేయించుకునే హక్కు చట్టం ఇచ్చింది, కనుక రసీదును పారేయకూడదు. జట్టుగా వెళ్లినప్పుడు ఉమ్మడి ఖర్చులన్నీ ఒక్కరి చేతి మీదుగా జరిపించి, లెక్క ఏ రోజుకారోజు చూసుకోవడం స్నేహానికి కూడా క్షేమం.

ట్రామ్, మెట్రో, బస్సులన్నింటికీ ఒకే టికెట్ చెల్లుతుంది. రెండు రోజులకు 72 గంటల టికెట్ సుఖం. కాగితపు టికెట్ అయితే మొదటిసారి ఎక్కేటప్పుడు పసుపు రంగు యంత్రంలో పెట్టి ముద్ర వేయించాలి. మా జట్టులో ఒకడు టికెట్ కొని, భద్రంగా పర్సులో దాచుకుని, ముద్ర సంగతి మరిచాడు. తనిఖీకి వచ్చినవారు మర్యాదగానే మాట్లాడి, టికెట్ ఖరీదుకు ఎన్నో రెట్లు జరిమానా వసూలు చేసుకుని వెళ్లారు.

శనివారం తెల్లవారకముందే లేచి చార్లెస్ వంతెన మీదికి వెళ్లాలి. సెలవు రోజున పొద్దున్నే లేవడానికి మిత్రులు విసుక్కుంటారు, అయినా లేపాలి. 1342లో వచ్చిన వరదకు పాత రాతి వంతెన కొట్టుకుపోగా, చక్రవర్తి నాలుగో చార్లెస్ 1357లో దీనికి పునాది వేయించాడు. దీని పొడవు 500 మీటర్ల పైచిలుకు, మీద 30 విగ్రహాల సముదాయాలు. తొమ్మిది గంటలు దాటాక బొమ్మలు గీసేవారు, సంగీతం వాయించేవారు, గుంపుల వెంట గుంపులు వచ్చి చేరితే విగ్రహాల పాదాలు కూడా కనిపించవు. పొద్దున్నే అయితే నది మీది మంచు తెర వెనుక నుంచి కోట మెల్లమెల్లగా బయటపడుతుంది. విగ్రహాలన్నింటిలోకీ పాతది 1683లో నిలిపిన నెపోముక్ యోహాను అనే క్రైస్తవ పురోహితుడిది. రాజాజ్ఞ మీద 1393లో ఆయనను ఈ వంతెన మీద నుంచే నదిలోకి తోసేశారు. విగ్రహం పీఠం మీది కంచు పలకలో, జనం చేయి తాకీ తాకీ ఒక చోట బంగారంలా మెరుగెక్కింది, మిగిలినదంతా నల్లగా ఉండిపోయింది.

అక్కడి నుంచి 22వ నంబరు ట్రామ్ ఎక్కితే కోట దగ్గర దిగవచ్చు. మెట్లదారిన ఎక్కడం కన్నా ఇదే మేలు, దిగేటప్పుడు మాత్రం మెట్ల మీదుగానే దిగాలి, ఊరి ఎర్ర పెంకుల కప్పులన్నీ కళ్లముందు పరుచుకుంటాయి. లోపలి కట్టడాలు తెరిచే వేళకే గుమ్మంలో ఉంటే సెయింట్ వైటస్ కెథడ్రల్‌ను కాస్త నెమ్మదిగా చూడవచ్చు. 1344లో మొదలైన ఈ నిర్మాణం 1929లో గాని పూర్తి కాలేదు. పాత రాజభవనంలో ఒక కిటికీ దగ్గర తప్పక ఆగాలి. 1618లో ప్రొటెస్టెంట్ ప్రభువులు చక్రవర్తి ప్రతినిధులు ఇద్దరినీ, వారి కార్యదర్శినీ అక్కడి నుంచి కిందికి విసిరారు. ముగ్గురూ బతికి బయటపడ్డారు గాని, దాంతో రాజుకున్న యుద్ధం ముప్పై ఏళ్లు సాగింది.

పాత పట్టణపు కూడలిలోని ఖగోళ గడియారం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది దాన్ని చూసి కూడా చూడకుండానే వెళ్లిపోతారు. గంట గంటకూ అస్థిపంజరం బొమ్మ గంట లాగడం, పై కిటికీల్లో అపొస్తలుల బొమ్మలు వరుసగా కనబడటం, చివర కోడి కూయడం నిమిషం లోపే అయిపోతాయి. ఆ కాస్తసేపూ అందరూ ఫోన్లు పైకెత్తి నిలబడి, తరువాత ‘ఇంతేనా’ అనుకుంటూ కదిలిపోతారు. జనం చెదిరిన ఆ తరువాతి పావుగంటే మనది. 1410 నాటి ఈ యంత్రం ఒక విధంగా తిరిగే పంచాంగం. లోపలి వలయంలో పన్నెండు రాశులు ఉంటాయి; సూర్యుడి బిళ్ల ఏ రాశి మీద ఉందో చూసి సూర్యుడు ఏ రాశిలో ఉన్నాడో చెప్పవచ్చు. అయితే వాళ్లది సాయన లెక్క, అంటే రాశులను విషువత్తు నుంచి లెక్కించే పద్ధతి, కనుక మన సంక్రాంతి తేదీలతో మూడు వారాలకు పైగా తేడా వస్తుంది. సగం నలుపు, సగం తెలుపు ఉన్న చంద్రుడి గోళం తనంతట తాను తిరుగుతూ పాడ్యమి నుంచి పున్నమి దాకా కళలు చూపుతుంది. అన్నింటికన్నా బయట, నల్లని వలయం మీద బంగారు అక్షరాలతో ఉన్న 24 అంకెలు పాత చెక్ కాలమానానివి. మనకు రోజు సూర్యోదయంతో మొదలైతే వారికి సూర్యాస్తమయంతో మొదలయ్యేది. అదే కూడలిలోని టీన్ చర్చిలో ఖగోళవేత్త టైకో బ్రాహీ సమాధి ఉంది. ఆయన దగ్గర సహాయకుడిగా చేరిన కెప్లర్ గ్రహగతుల మొదటి రెండు సూత్రాలను ఈ ఊళ్లో ఉండగానే 1609లో ప్రకటించాడు.

యూదుల పేట యోసెఫోవ్‌ను ఆదివారం ఉదయానికి ఉంచుకోవాలి; శనివారం అక్కడి మ్యూజియం మూసి ఉంటుంది, ఇది తెలియక ఉసూరుమంటూ వెనుదిరిగేవారు ఎందరో. పింకాస్ ప్రార్థనామందిరం గోడల మీద నాజీల చేతిలో మరణించిన సుమారు 78,000 మంది చెక్ యూదుల పేర్లు చేతితో రాసి ఉన్నాయి. దాన్ని ఆనుకుని ఉన్న శ్మశానంలో చోటు చాలక ఒకరి మీద ఒకరిని పొరలు పొరలుగా పాతిపెట్టడం వల్ల రాళ్లన్నీ ఒకదాని మీద ఒకటి ఒరిగిపోయి ఉంటాయి. అక్కడ జట్టు ఫొటోలకు తావు లేదు.

భోజనం సంగతికొస్తే, కూడలిలోని బండ్ల దగ్గర పొగబెట్టిన పంది మాంసానికి బోర్డు మీద రాసిన ధర 100 గ్రాములకు. అడిగేలోపే పెద్ద ముక్క కోసి తూకం వేస్తారు, కనుక ఎంత కావాలో ముందే చెప్పాలి. ఊళ్లోవారి అసలు తిండి స్వీచ్‌కొవా, అంటే మీగడ పులుసులో వేసిన ఆవు మాంసం. దానితో ఇచ్చే క్నెడ్లీకి, అంటే ఉడికించిన పిండి ముద్దల, ముక్కలు సాంబారులో నానిన ఇడ్లీలా పులుసంతా పీల్చుకుంటాయి. శాకాహారులకు వేయించిన జున్ను, అంటే స్మజెనీ సీర్, దాదాపు ప్రతి హోటల్లోనూ దొరుకుతుంది. సూపులు కూరగాయలవైనా మాంసపు రసంలో కాచి ఉండవచ్చు, అడిగి తీసుకోవాలి.

తిరుగు రైలు ఆదివారం సాయంత్రానిదైతే సీట్లు ముందే రిజర్వు చేసుకోవాలి, లేకుంటే బెర్లిన్ దాకా నడవలో నిలబడవలసి రావచ్చు. పెట్టెలను ఉదయమే స్టేషన్ లాకరులో పెట్టేస్తే, చక్రాలను ఆ రాళ్ల వీధుల మీద దడదడలాడిస్తూ ఈడ్చుకెళ్లే బాధ తప్పుతుంది. మిగిలిన మధ్యాహ్నం మెట్రోలో వైషెహ్రాద్ కోటగుట్టకు వెళ్లండి. ద్వోర్జాక్, స్మెతనా వంటి సంగీతకారుల సమాధులు అక్కడ ఉన్నాయి, జనం పలచగా ఉంటారు, గోడ మీద కూర్చుంటే మీరు రెండు రోజులు తిరిగిన కోటా, నదీ దూరంగా ఒకే చూపులో కనిపిస్తాయి.